పక్క సీటు

ఏరు గట్టు దాటి వచ్చి లాండ్రీ వెనక గదుల్లో నడుము లోతున నిలిచిన ఏడు అది. నీళ్ళు తీసి నెలలు గడిచినా గోడల మీద బురద గీత పోలేదు. సున్నం కొట్టారు. సున్నం కిందనుంచి మళ్ళీ కనిపించింది. వ్యాను తోలే ముసలాయన ఇల్లు ఆ నీళ్ళలోనే పోయింది. ఆయన భార్యను తీసుకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వ్యాను అరుగు పక్కన నిలబెట్టింది నిలబెట్టినట్టే మునిగి, పాత ఇనుము కొనేవాళ్ళకు పోయింది. అప్పటినుంచి లాండ్రీవాళ్ళు అద్దె బళ్ళతో నెట్టుకొస్తున్నారు.

అక్కడున్న మనవాళ్ళంతా డ్రైవరనే పిలిచే మనిషి ఆ లాండ్రీలో మూటలు మోసేవాడు.

ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి. ఆ ముప్పై ఏళ్ళ లైసెన్సు ఈ దేశంలో చెల్లదన్నారు. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి మాట తూలలేదు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వుతూనే వెనక్కి ఇచ్చింది. మళ్ళీ మొదటినుంచి రావాలంది. అతను వచ్చాడు. బొమ్మలు చూసి జవాబు చెప్పే పరీక్ష గట్టెక్కింది. బండి తోలి చూపించే పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోది గురువారం.

మంగళవారం మధ్యాహ్నం అతను వెనక అరుగు మీద ఆసుపత్రి మూటలు దించుతున్నాడు. అద్దె లారీవాడు బండిని అరుగుకు ఆనించకుండా ఆపాడు. మధ్యలో మనిషి కాలు జారిపడేంత సందు. ప్రతి మూటనూ ఆ సందు మీదుగా ఎత్తి లాగాలి. తడి దుప్పట్ల మూట చచ్చిన దూడలా ఉంటుంది, ఎక్కడ పట్టుకున్నా ఇంకోవైపు జారుతుంది. లారీవాడు క్యాబిన్లో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఇంకొంచెం వెనక్కి పెట్టమని డ్రైవరు రెండుసార్లు పిలిచాడు. వాడు తల ఎత్తి, ఎంత సందు ఉందో అద్దంలో చూసి, ఫర్వాలేదన్నట్టు బొటనవేలు ఎత్తాడు.

వాడికి లైసెన్సు ఉంది.

మేస్త్రీ వచ్చి అరుగు చివర నిలబడ్డాడు. ఆయనదీ ఈ దేశం కాదు. ఏదో చెప్పాడు. డ్రైవరుకు సగం అర్థమైంది, సగం కాలేదు. మేస్త్రీ లోపలికి తిరిగి, ఇస్త్రీ చేసే వేడి రోలరు దగ్గర దుప్పట్లు మడతపెడుతున్న ఆడవాళ్ళ వైపు చెయ్యి ఊపాడు. డ్రైవరు భార్య ముంజేతులతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. ఆ టేబులు దగ్గర ఆడవాళ్ళంతా తలా ఒక దేశం వాళ్ళు. వాళ్ళకు ఒకరితో ఒకరికి ఈ దేశపు భాషే దిక్కు. అందుకని అది ఆమెకు తొందరగా అబ్బింది. అతను రోజంతా మూటలతో గడిపేవాడు. మూటలు మాట్లాడవు.

"కొత్త బండి శుక్రవారం సాయంత్రం వస్తుందట," అంది ఆమె. "శనివారం పొద్దుటినుంచి తిరగాలట. ఆలోపు మీకు లైసెన్సు కార్డు వస్తే బండి మీకే అంటున్నాడు."

"రాకపోతే?"

ఆమె అడిగింది. మేస్త్రీ భుజాలు ఎగరేశాడు.

"బయటి మనిషిని పెట్టుకుంటాడట. ఒకసారి పెట్టుకున్నాక మళ్ళీ తియ్యడం కుదరదంటున్నాడు."

డ్రైవరు తల ఊపాడు. మేస్త్రీ వెళ్ళాడు. భార్య లోపలికి వెళ్ళబోతూ, "నడుం ఎలా ఉంది?" అంది.

"ఉంది," అన్నాడు అతను. ఇంకో మూట లాగాడు.

ఆ సాయంత్రం పాఠం. బండి తోలడం నేర్పే ఆయన భారీ మనిషి. చిన్న కారులో సగం ఆయనే ఉంటాడు. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. డ్రైవరుకు అది గిట్టేది కాదు. తన కాలు మీద ఎవరో కాలు వేసి కూర్చున్నట్టు ఉండేది. స్టీరింగు కూడా తను ఎరిగిన వైపు లేదు. మొదట్లో గేరు కోసం ఎడమ చెయ్యి వెళ్ళి తలుపుకు కొట్టుకునేది. ఇప్పుడు ఆ తంటా తీరింది. మెడ తంటా తీరలేదు.

కూడలి దాటాక ఆయన కారు పక్కకు తీయించి, ఊపిరి తిప్పుకోకుండా చాలాసేపు మాట్లాడాడు. వెనక సీటులో కూర్చున్న భార్య అంతా విని, "మెడ తిప్పాలిట," అంది.

"ఇంతసేపు చెప్పింది అదేనా?"

"మిగతావి మీకు అనవసరం."

"తిట్టాడా?"

"తిట్టలేదు. వాళ్ళ నాన్నకు చెప్పినట్టు చెప్పాడు."

ఇంట్లో ఆయన పేరు మెడ మాస్టారు. నోరు విప్పితే మెడ. మలుపు తిరిగే ముందు మెడ, వరస మారే ముందు మెడ, బండి కదిలే ముందు మెడ.

"నేను చూశానే," అన్నాడు డ్రైవరు. "అద్దంలో చూశాను. సైకిలు మీద పిల్ల వస్తోంది. ఆ పిల్ల పోయేదాకా ఆగి తిప్పాను. చూడకపోతే ఎందుకు ఆగుతాను? అడుగు."

ఆమె అడిగింది. మెడ మాస్టారు నవ్వి, రెండు చేతులూ తన బుర్రకు ఇటూ అటూ ఆనించి, బుర్రను కుండలా అటు తిప్పి ఇటు తిప్పి చూపించాడు.

"మీరు చూశారని ఆయనకు తెలుసట. పరీక్ష పెట్టేవాళ్ళకు తెలియదట. వాళ్ళు రోడ్డు వైపు చూడరట, మీ తల వైపు చూస్తారట."

"తల వైపు చూసి ఏం చేసుకుంటారు?"

"అది నేను అడగను."

డ్రైవరు పళ్ళు కొరుక్కున్నాడు. ముప్పై ఏళ్ళు కళ్ళు మాత్రమే తిప్పి బండి తోలిన మనిషి. లారీలో మెడ తిప్పి చూస్తే వెనక కనపడేది సరుకే. అద్దమే అన్నీ. ఆ అద్దంలోకి చూపు ఎప్పుడు వెళుతుందో, ఎప్పుడు వస్తుందో అతనికే తెలియదు. ఇప్పుడు చూడడం చాలదు, చూస్తున్నట్టు కనపడాలి.

పాఠం అయ్యాక మెడ మాస్టారు వెనక్కి తిరిగి ఆమెను రమ్మన్నాడు. బొమ్మల పరీక్ష రోజున భర్తకు తోడుగా ఉంటుందని ఆమె కూడా కూర్చుంది. రోజూ సాయంత్రం పుస్తకం చదివి వినిపించింది ఆమే కాబట్టి ఆమెకూ గట్టెక్కింది. నేర్చుకునే కార్డు చేతికొచ్చింది. వెనక సీటులో ఊరికే కూర్చోవడం ఎందుకని, తిరిగి వెళ్ళేటప్పుడు ఇంటిదాకా ఆమె చేత తోలించడం మెడ మాస్టారే మొదలుపెట్టాడు. మొదటి రోజు ఇంజను ఆగిపోయింది. మళ్ళీ ఆగిపోయింది. డ్రైవరు వెనక కూర్చుని పగలబడి నవ్వాడు. మర్నాటినుంచి ఆమె స్టీరింగు పట్టుకునే వేళకు అతను దిగిపోయేవాడు. నడిచి ఇంటికి పోయేవాడు.

ఆ రోజు కూడా దిగాడు. మెడ మాస్టారు ఏదో అన్నాడు. ఆమె కిటికీ దించింది.

"గురువారం మీ తర్వాత పరీక్షకు రావాల్సిన అమ్మాయికి కాలు విరిగిందట. ఆ చోటు ఖాళీగా ఉంది, నన్ను కూర్చోమంటున్నాడు."

"నువ్వా?"

"వద్దంటే వద్దంటాను."

"కూర్చో," అన్నాడు అతను. "ఎలాగూ నాతో వస్తావుగా. అక్కడ బెంచీ మీద గోళ్ళు గిల్లుకునే బదులు."

*

బుధవారం సాయంత్రం ఇంట్లో, పొయ్యి పక్కన ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, భోజనం పళ్ళెం రెండు చేతులా పట్టుకుని అతను మెడ తిప్పడం సాధన చేశాడు. భార్య వెనక నిలబడి గరిటె ఎత్తేది. కుడివైపు ఎత్తితే కుడివైపు తిరగాలి, ఎడమవైపు ఎత్తితే ఎడమవైపు.

"చూడలేదు మీరు."

"చూశాను. గరిటె ఎడమ చేతిలో ఉంది."

"కంటితో చూశారు. గడ్డం భుజానికి తగలాలి. ఇదిగో, ఇలా." ఆమె అతని ముందుకు వచ్చి తిప్పి చూపించింది. చప్పున తిరిగింది, చప్పున వచ్చింది. భుజం కదల్లేదు.

"కోడిలా ఉంది," అన్నాడు.

"అయితే కోడికే ఇస్తారు లైసెన్సు."

తలుపు తోసుకుని అతని తోడల్లుడు వచ్చాడు. ఆమె చెల్లెలి మొగుడు. వీళ్ళకంటే ముందే ఈ దేశం వచ్చి, వీళ్ళను లాండ్రీలో పెట్టించింది అతనే. పై అంతస్తులో ఉంటాడు. పళ్ళేన్ని చూశాడు, గరిటెను చూశాడు, తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"వదినా, అన్నయ్యకు తిండి పెట్టట్లేదా? పళ్ళెం పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు."

"రేపటికి సాధన," అంది ఆమె.

"మెళ్ళో మూడు ముళ్ళు వేయించుకోవడానికి వదిన అంతసేపు వంచింది మెడ. నువ్వు కాస్త తిప్పలేవా అన్నయ్యా?"

"నీకేం," అన్నాడు డ్రైవరు. "నీకు మొదటిసారే ఇచ్చేశారు."

"ఇచ్చారు మరి. ఎందుకిచ్చారు? నేను అక్కడ సైకిలు కూడా సరిగ్గా తొక్కలేదు. వాళ్ళేం చెప్తే అది చేశాను. ఆగమంటే ఆగాను. ఎవరూ లేని రోడ్డులో కూడా, కుక్క కూడా లేదు, ఆగి అటూ ఇటూ చూసి పోయాను. నీకు తెలిసింది ఎక్కువైంది అన్నయ్యా. అదే వచ్చిన చిక్కు. సగం మర్చిపో, వచ్చేస్తుంది."

"ఏ సగం?"

తోడల్లుడు గడ్డం గోక్కున్నాడు. "అది నాకేం తెలుసు. అసలు మొత్తమే తెలీదు నాకు."

భార్య నవ్వింది. డ్రైవరు పళ్ళెం పొయ్యి గట్టు మీద పెట్టాడు. కాస్త గట్టిగానే పెట్టాడు. తోడల్లుడు నవ్వు ఆపి, వచ్చిన పని చెప్పి, ఉప్పు డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

"వాడి మాటలకేం గానీ," అంది ఆమె, "ఇంకొక్కసారి తిప్పండి."

అతను తిప్పాడు. మెడ నరం పట్టేసింది.

*

పరీక్ష పెట్టింది పొట్టి జుట్టావిడ. ముందు రెండుసార్లూ మగవాళ్ళు. ఈవిడ మర్యాదగా తల వంచి పలకరించింది, ఒళ్ళో అట్ట పెట్టుకుంది, పెన్ను మూత తీసింది. పరీక్షలో దుబాసీ ఉండకూడదు. ఎడమ, కుడి, ఆపు, తిప్పు అనే మాటలు అతనికి వచ్చు. అవి చాలన్నారు.

బండి కదిలించే ముందు మెడ తిప్పాడు. మలుపులో తిప్పాడు. వరస మారేటప్పుడు గడ్డం భుజానికి తగిలేలా తిప్పాడు. దొంగసొత్తు మోసుకుపోయేవాడిలా అటూ ఇటూ చూస్తూ ఊరంతా తిరిగాడు. సిగ్గుగా ఉంది. అయినా తిప్పాడు. ఆగమని బోర్డున్న చోటల్లా చక్రం పూర్తిగా నిలిచేదాకా ఆగాడు. ఆవిడ పెన్ను కదల్లేదు. ఎక్కినప్పుడు చల్లగా ఉన్న స్టీరింగు ఇప్పుడు చేతుల్లో వెచ్చబడింది.

తర్వాత సన్నటి వీధిలోకి తిప్పించింది. ఒకవైపంతా ఆపి ఉంచిన కార్లు. పక్కన బడి ఉన్నందుకు నెమ్మదిగా పొమ్మని బోర్డులు. నెమ్మదిగానే పోతున్నాడు. వెనక ఒక వ్యాను వచ్చింది. పైన నీటి గొట్టాలు కట్టి ఉన్నాయి. ఎక్కడో కుళాయి పగిలి ఎవరో పిలిచి ఉంటారు. వాడు దగ్గరగా వచ్చి, కొంచెం పక్కకు జరిగి తొంగి చూసి, మళ్ళీ వెనక్కి సర్దుకున్నాడు. డ్రైవరుకు వాడి తొందర వీపుకు తగిలినట్టయింది. ముందు రోడ్డు ఖాళీ. చివరిదాకా ఖాళీ. వాడికి కనపడదు, తనకు కనపడుతోంది.

ఆపిన కార్ల మధ్య ఒక ఖాళీ వచ్చింది. అతను బండిని ఆ ఖాళీలోకి కాస్త ఒరిగించాడు. ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటికి వెళ్ళింది. అరచెయ్యి ముందుకు రెండుసార్లు ఊగింది. పోనీ, పోనీ.

వ్యాను పక్కనుంచి దాటింది. అందులోవాడు చెయ్యెత్తి దండం పెట్టినట్టు చూపించి పోయాడు. డ్రైవరు కూడా తల ఊపాడు. ఈ దేశం వచ్చాక రోడ్డు మీద ఒకడు తనను పలకరించడం అదే మొదలు. వీపు సర్దుకుని కూర్చున్నాడు. లోపలేదో కుదుటపడింది.

పక్కన పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

ఆఫీసు ఆవరణలోకి తిరిగి వచ్చాక ఆవిడ నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అందులో చెయ్యి అనే మాట తెలిసింది. వద్దు అనే మాట తెలిసింది. అతను బండి దిగి నిలబడ్డాడు. బెంచీ మీదనుంచి భార్య, మెడ మాస్టారు లేచి వచ్చారు. పొట్టి జుట్టావిడ వాళ్ళకు కూడా చెప్పింది. మెడ మాస్టారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఏంటట?" అన్నాడు డ్రైవరు.

ఆమె అతని ముఖం వంక చూడలేదు. "బాగా తోలారట. చాలా బాగా తోలారట. కానీ వెనకబండికి చెయ్యి ఊపారట."

"ఊపాను. వాడికి తొందరగా ఉంది. ముందు ఖాళీగా ఉంది."

"ఆవిడ ఏమంటోందంటే, వాణ్ణి పొమ్మనడానికి మీరెవరు అంటోంది. మీ మాట మీద వాడు పోయి దేన్నయినా గుద్దితే ఎవరిది పూచీ అంటోంది."

"నాది," అన్నాడు.

"ఏంటి?"

"నా పూచీ. పొమ్మని చెయ్యి చూపించానంటే నాదే పూచీ. ఇంకెవరిది? చెప్పు ఆవిడకి."

ఆమె చెప్పింది. పొట్టి జుట్టావిడ పెన్నుకు మూత పెడుతూ విన్నది. అతని వైపు ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపి, చిన్నగా రెండు మాటలు అంది.

"ఇక్కడ ఎవరి పూచీ వాళ్ళదేనట," అంది భార్య.

డ్రైవరు గేటు వైపు తిరిగాడు. ఏం అన్నా అది ఇంకొకరి నోటినుంచి వెళ్ళాలి. వెళ్ళేసరికి సగమవుతుంది. ఒకవేళ మొత్తం వెళ్ళినా కార్డు రాదు.

ఇంతలో లోపలినుంచి ఆమెను పిలిచారు. మెడ మాస్టారు ఆమె భుజం తట్టి కారు వైపు చూపించాడు. ఆమె భర్త వంక చూసింది. అతను అప్పటికే గేటు దాటుతున్నాడు.

లాండ్రీకి వెళ్ళలేదు. నడిచి ఇంటికి వచ్చాడు. చొక్కా విప్పలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం షిఫ్టు చేసుకుని ఆమె వచ్చేసరికి చీకటి పడుతోంది. తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నాడు. ఆమె గుమ్మంలో కాసేపు ఆగింది. తర్వాత సంచీ కింద పెట్టింది.

"టీ పెట్టనా?"

"వద్దు."

"భోజనం?"

"ఆకలి లేదు."

ఆమె మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. ఏదో చెబుతుందనుకున్నాడు. ఊరడింపు మాటలు చెబుతుందనుకున్నాడు, అవి వినే ఓపిక లేదు. దుప్పటి చెవిమీదికి లాక్కున్నాడు. ఆమె వెళ్ళి పొయ్యి వెలిగించింది.

*

శుక్రవారం అతను మూటలు దించాడు. సాయంత్రం కొత్త బండి ఆవరణలోకి వచ్చింది. తెల్లటి వ్యాను. సీట్లకు ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. తెచ్చినవాడు దాన్ని చెత్తతొట్ల మధ్య ముక్కు గోడకు పెట్టి ఆపి, తాళం మేస్త్రీకి ఇచ్చిపోయాడు. డ్రైవరు అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు. వెనక చక్రాల మీద బరువు బాగా ఆగే బండి. ఇంజను లోపలికి ఉంది, చలికాలం తొందరగా అందుకుంటుంది. అంతవరకు చూసి మూట ఎత్తుకున్నాడు.

లోపల రోలరు ఆగిపోయింది. పని వేళలో రోలరు ఆగదు. తర్వాత చప్పట్లు వినిపించాయి. అతను మూట దించి తలుపులోంచి చూశాడు. మడత టేబులు చుట్టూ ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకామె డ్రైవరు భార్యను వెనకనుంచి వాటేసుకుని ఊపుతోంది. మేస్త్రీ ఎదురుగా నిలబడి బండి తాళం పట్టుకుని ఉన్నాడు. ఇవ్వబోతున్నాడు. ఆమె తీసుకోలేదు. దుప్పటి చివర వేళ్ళకు చుట్టుకుంటూ ఏదో చెబుతోంది.

మేస్త్రీ డ్రైవరును చూసి దగ్గరికి వచ్చాడు. ఈసారి దుబాసీ అక్కర్లేకుండా చెప్పాడు. ఆమె వైపు వేలు చూపించి స్టీరింగు తిప్పినట్టు చేశాడు. తర్వాత డ్రైవరు వైపు వేలు చూపించి, మూట ఎత్తి దించినట్టు చేశాడు. రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి నవ్వాడు. ఆయనకు అది చక్కటి ఏర్పాటుగా తోచింది. భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు డ్రైవరు ముందు నడిచాడు. ఆమె వెనక వచ్చింది. మెట్లెక్కి, తలుపు వేశాక అడిగాడు.

"చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

"అడిగితే గానీ చెప్పవా?"

"వాళ్ళు అడిగారు, చెప్పాను. టేబులు దగ్గర అందరూ అడిగారు. మెట్ల మీద కింద ఇంటి ముసలమ్మ ఎదురైంది. ఆవిడకు మన మాట ఒక్కటి రాదు. చేత్తో ఇలా తిప్పి చూపించి, ఏమైంది అని అడిగింది. నేను ఇంట్లోకి వచ్చాను. చెప్పులు విడిచి నిలబడ్డాను. మీరు గోడవైపు తిరిగి పడుకున్నారు. తిరిగి అడుగుతారేమోనని చూశాను. పొద్దున అడుగుతారేమోనని చూశాను."

అతను కుర్చీలో కూర్చున్నాడు. బూటు తాడు విప్పబోయాడు, అది ముడిపడింది.

"ముప్పై ఏళ్ళు తోలాను," అన్నాడు.

"తెలుసు."

"ఘాట్ రోడ్డులో వానలో తోలాను. బ్రేకులు లేని బండి దించాను."

"తెలుసు. నేను ఇంట్లో కూర్చుని ఎదురుచూసేదాన్ని కదా."

"నీ చేతిలో గేరు మారేటప్పుడు బండి ఏడుస్తుంది."

"మీరెప్పుడు విన్నారు?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మొదటి రోజు తప్ప నేను తోలేటప్పుడు మీరు బండిలో ఉన్నదెప్పుడు?"

అతను ముడి విప్పుతూ ఉండిపోయాడు. వేళ్ళకు దొరకడం లేదు.

"మేస్త్రీకి ఇంకా సరే అనలేదు," అంది ఆమె. "రేపు పొద్దున చెప్తానన్నాను. మీరు వద్దంటే తాళం ముట్టుకోను. కానీ నాకు ఇష్టం లేదని మాత్రం చెప్పను. నా మొగుడు వద్దన్నాడని చెప్తాను."

"బెదిరిస్తున్నావా?"

"ఉన్నది చెప్తున్నా. ఆ రోలరు దగ్గర నా చేతులు చూశారా?" చేతులు చాపలేదు. గిన్నె దించి పొయ్యి మీద పెట్టింది. "మీ బండి నేను లాక్కోలేదు. అది మీకు ఎవరూ ఇవ్వలేదు. నాకు ఇస్తామంటున్నారు. నేను వద్దంటే ఇంకెవడికో ఇస్తారు. వాడు వచ్చి మొన్నటివాడిలా దూరంగా ఆపుతాడు. మీరు ఆ సందు మీదుగా మోయండి."

అతను ముడి వదిలేసి, బూట్లతోనే లేచి మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాడు. కూడలిదాకా నడిచి నిలబడ్డాడు. బళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరి వరసలో వాళ్ళు. ఒకడు ఆగిపోయి మలుపు తిరగడానికి సందు కోసం చూస్తున్నాడు. ఎదుటివాడు ఆపి దారి ఇవ్వలేదు. ఇవ్వనక్కర్లేదు కూడా, దీపం మారితే వాడే పోతాడు. దీపం మారింది. వాడు పోయాడు. డ్రైవరు చాలాసేపు చూశాడు. ఒక్కడూ ఎవరి వంకా చూడలేదు, ఎవడూ దేన్నీ గుద్దలేదు. అతనికి ఒళ్ళు మండింది.

తిరిగి వచ్చేసరికి ఆమె పడుకుంది. పళ్ళెం మీద మూత పెట్టి ఉంది. తిన్నాడు. అంతా తిన్నాడు.

*

శనివారం పొద్దున ఆమె లేవకముందే అతను లాండ్రీకి వెళ్ళాడు. మేస్త్రీ అప్పుడే గొలుసు తీస్తున్నాడు. డ్రైవరు చెయ్యి చాపి తాళం అడిగాడు. మేస్త్రీ తాళం గుప్పిట్లో పెట్టుకుని అడ్డంగా తల ఊపాడు. తోలడానికి కాదని డ్రైవరు చూపించాడు. తలుపు తీసినట్టు, ఏదో ముందుకు లాగినట్టు చూపించాడు. మేస్త్రీకి అర్థం కాలేదు, అయినా ఇచ్చాడు.

అతను తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి తెచ్చినవాడు పొడుగు మనిషి, సీటు బాగా వెనక్కి ఉంది. కాళ్ళు హాయిగా చాచుకోవచ్చు. కాసేపు అలాగే కూర్చున్నాడు. ప్లాస్టిక్ కాగితం కింద చప్పుడు చేసింది. తర్వాత వంగి, సీటు కింద కడ్డీ వెతికి పట్టుకుని ఎత్తాడు. సీటు ఒక పన్ను ముందుకు జరిగింది. ఇంకో పన్ను. మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు ఆనేదాకా జరిపాడు. ఇంకా చాలదు. దిగి, బయటనుంచి చేత్తో ఇంకొంచెం తోశాడు. కాగితం చింపి తీసేశాడు.

ఆమె వచ్చేసరికి ఉతికిన దుప్పట్ల బుట్టలు వెనక ఎక్కించి, పట్టీలు బిగిస్తున్నాడు. ఆమె మేస్త్రీ గది వైపు వెళ్ళబోతూ ఆగింది. తెరిచి ఉన్న తలుపులోంచి సీటు చూసింది. ఎక్కి కూర్చుని కాలు చాపింది. పాదం సరిగ్గా అందింది. అతని వైపు తిరిగింది.

"క్లచ్చి మీద కాలు పెట్టుకుని తోలకు," అన్నాడు అతను. "పాడవుతుంది."

"తోలేవాళ్ళతో మాట్లాడకూడదు," అంది ఆమె.

తాళం ఇచ్చాడు. తలుపు వేశాడు. చెత్తతొట్లకు, గోడకు మధ్య సందు సన్నంగా ఉంది. అతను బండి వెనక్కి వెళ్ళి, ఆమెకు అద్దంలో కనపడే చోట కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. రోలరు దగ్గర ఆడవాళ్ళు కిటికీ దగ్గరికి చేరారు. ఇంజను మొదటిసారి దగ్గి ఆగిపోయింది. అతను నవ్వలేదు. రెండోసారి అందుకుంది.

"రానీ," అని కేకవేశాడు. "రానీ, రానీ. కుడికి కొట్టు. ఇంకా ఉంది, రానీ."

బండి వచ్చింది. జానెడు దూరంలో ఉన్నప్పుడు, "ఆపు," అన్నాడు. ఆగింది. అతను అరచెయ్యి పరిచి రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

"రైట్," అన్నాడు.

చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీటులో ఎక్కాడు.